పిల్లికూన బరువు పుస్తకం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పిల్లికూనల గురించే. అందరూ అటు తిప్పీ ఇటు తిప్పీ అడిగింది ఒక్కటే: మా కూన సరిగ్గా పెరుగుతోందా? ఇరవయ్యేళ్ళకు పైగా పశువైద్యం చేస్తున్నాను. మా ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒక తల్లిలేని కూన పెరుగుతూనే ఉంటుంది. అయినా ఈ రోజుకీ ఆ ప్రశ్నకు కూనను చూసి జవాబు చెప్పే ధైర్యం నాకు లేదు. బొచ్చు కింద ఎముకలు దాక్కుంటాయి, ఉబ్బిన పొట్ట కండలా కనిపిస్తుంది. అందుకే కాటా మీద పెడతాను, పుస్తకం తీసి నిన్నటి అంకె చూస్తాను, అప్పుడు చెబుతాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగ్గా ఉంటుంది. మిగతా చాలామంది అడిగినవి కూడా అందులోనే కలిసొచ్చాయి.

ప్రశ్న: డాక్టర్ గారూ, మూడు వారాల క్రితం వానలో తడుస్తూ మా మెట్ల కింద ఒక ఆడ కూన దొరికింది. నుదుటి మీద నల్లమచ్చ ఉంది కాబట్టి బొట్టు అని పిలుస్తున్నాం. గిన్నె పెడితే చాలు, నాకి నాకి శుభ్రం చేసేస్తుంది. పొట్ట ఎప్పుడూ డప్పులా ఉంటుంది. వీపు మీద చెయ్యి వేస్తే మాత్రం వెన్నుపూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. మోషన్ పల్చగా అవుతోంది. ఆవుపాలు, ఉడికించిన కోడిమాంసం పెడుతున్నాం. నిన్న వంటింటి కాటా మీద పెడితే 610 గ్రాములు చూపించింది. "కడుపు నిండా తింటోంది, ఇంకేం కావాలి?" అంటారు మా అత్తగారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. నోటి ఫొటో, కళ్ళ ఫొటో పంపుతున్నాను. ఇది సరైన బరువేనా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ టెన్షన్‌లో అర్థం ఉంది. బరువు సరైనదా కాదా అని చెప్పాలంటే ముందు వయసు తెలియాలి. దొరికిన కూనకు పుట్టినరోజు ఎవరూ చెప్పరు, పళ్ళే చెప్పాలి. మూడో వారంలో ముందు వరస చిన్న పళ్ళు బయటికొస్తాయి. తర్వాత కోరలు. దవడ వెనక పళ్ళు నాలుగో వారం తర్వాత మొదలై, ఎనిమిదో వారానికల్లా మొత్తం 26 పాలపళ్ళూ వచ్చేస్తాయి. పుట్టినప్పటి నీలి కళ్ళు ఆరేడు వారాల నుంచి అసలు రంగుకు తిరుగుతాయి. మీరు పంపిన ఫొటోలో బొట్టుకు వెనక పళ్ళన్నీ దిగాయి, కళ్ళలో నీలం పోయి ఆకుపచ్చ వచ్చింది. పైగా మీ ఇంటికి వచ్చిన రోజే మాంసం ముక్క నమిలి తిన్నదని రాశారు. తొమ్మిది పది వారాలు ఉంటాయి.

ఇక బరువు. మామూలు కూన పుట్టినప్పుడు 100 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. నెల నిండేసరికి 400 దాకా వస్తుంది. రెండు నెలలకు 800 నుంచి 1000. మూడు నెలలకు కిలోంబావు నుంచి కిలోన్నర. నాలుగైదు నెలల దాకా నెలకు 450 గ్రాములు పెరుగుతుందని నేను గుర్తు పెట్టుకుంటాను. మగకూనలు కొంచెం ముందుంటాయి, కొన్ని జాతులు చాలా ముందుంటాయి. ఆ తేడాలన్నీ తీసేసినా, 610 గ్రాములు అంటే ఆరు వారాల కూన బరువు. బొట్టు నెల వెనకబడి ఉంది. "దాని ఒళ్ళే అంత, సన్నగా ఉండే రకం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సన్నగా ఉండే రకానికి వెన్నుపూసలు చేతికి గుచ్చుకోవు.

మీ అత్తగారు చెప్పిందీ అబద్ధం కాదు. అది కడుపు నిండా తింటూనే ఉంది. తిన్నది దాని ఒంటికి చేరడం లేదు. ఎక్కడికి పోతోందో చూద్దాం.

మొదట నాకు అనుమానం నులిపురుగుల మీద. ఉబ్బిన పొట్ట, ఎండిన వీపు, ఆగని ఆకలి కలిసి కనిపిస్తే నేను ముందు అటే చూస్తాను. ఈ పురుగుల పిల్లదశ తల్లిపాల ద్వారానే కూనకు చేరుతుంది. అందుకని శుభ్రమైన ఇంట్లో పుట్టిన కూనకు కూడా ఉంటాయి, ఇందులో మీ తప్పేమీ లేదు. డాక్టరు దగ్గర తూకం వేయించి, ఆ బరువుకు తగిన మోతాదు మందు వేయించండి. పెద్ద పిల్లికి తెచ్చిన మాత్రను విరిచి, ఇంత ముక్క చాలేమో అని ఇవ్వకండి. ఒక్కసారి వేస్తే సరిపోదు. మందు పేగులో ఉన్న పురుగులను చంపుతుంది. ఒంట్లో వేరే చోట దాగి ఉన్న పిల్లదశలు తర్వాత పేగులోకి దిగి పెద్దవవుతాయి. అందుకే మూడు వారాల వయసు నుంచి ఎనిమిది వారాల దాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి వేస్తాం. బొట్టుకు ఇవన్నీ తప్పిపోయాయి కాబట్టి డాక్టరు ఇప్పుడు రెండు వారాల తేడాతో కనీసం రెండుసార్లు ఇస్తారు.

వెళ్ళేటప్పుడు ఆ రోజు వేసిన మోషన్ కొంచెం చిన్న డబ్బాలో తీసుకెళ్ళండి. పల్చటి మోషన్‌కు కాక్సిడియా, జియార్డియా అనే కంటికి కనపడని జీవులు కూడా కారణం కావచ్చు. మైక్రోస్కోపు కింద చూస్తేనే తెలుస్తుంది. కాక్సిడియాకు మామూలు పురుగుల మందు పనిచేయదు, వేరే మందు కావాలి. పురుగుల మందు వేశాం కదా అని నెల రోజులు ఎదురుచూసి, ఆ నెలలో కూన బక్కచిక్కిపోయాక నా దగ్గరికి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. డబ్బా తీసుకెళ్ళడానికి మొహమాటపడకండి. డాక్టర్లకు అది చాలా విలువైన వస్తువు.

రెండోది పాలు. ఆవుపాలు ఈ రోజే ఆపేయండి. తల్లిపాలు మానే వయసు వచ్చేసరికి, పాలలోని చక్కెరను అరిగించే శక్తి కూనల్లో తగ్గిపోతుంది. అరగని ఆ చక్కెర పేగులోకి నీళ్ళు లాగి మోషన్ పల్చన చేస్తుంది. గిన్నెలో పాలు చూసి అది గంతులేస్తుందని నాకు తెలుసు, అలా గంతులేసే కూనకు పాలు మాన్పించడం మనసుకు కష్టంగానే ఉంటుంది. గిన్నెలో మంచినీళ్ళు పెట్టండి.

మూడోది కోడిమాంసం. ఇది వినగానే అందరూ ఆశ్చర్యపోతారు, పిల్లికి మాంసం మంచిదే కదా అని. మంచిదే. కానీ ఎముక లేని మాంసం ఒక్కటే పెడితే అందులో కాల్షియం దాదాపు ఉండదు, భాస్వరం మాత్రం ఎక్కువ. ఎదిగే కూన ఒళ్ళు ఆ లోటును సొంత ఎముకల్లోంచి తీసుకుంటుంది. కొన్ని వారాలకు ఎముకలు మెత్తబడి, మంచం మీంచి దూకినా కాలు విరిగే స్థితి వస్తుంది. అలా అని ఉడికిన ఎముకలు వేయకండి, పెచ్చులుగా విరిగి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి. ఇక టారిన్ అనే పోషకం. చాలా జంతువులు దాన్ని ఒంట్లోనే కావలసినంత తయారు చేసుకుంటాయి, పిల్లి చేసుకోలేదు. మాంసంలో టారిన్ ఉంటుంది గానీ ఉడికించినప్పుడు చాలావరకు నీళ్ళలోకి దిగిపోతుంది. టారిన్ లోటుతో పిల్లుల గుండె కండరం దెబ్బతింటుందని 1987లో తేలింది, ఆ తర్వాత పిల్లుల తిండిలో దాన్ని పెంచారు. కుక్కల కోసం చేసిన తిండి పిల్లికి పెట్టొద్దని చెప్పడానికి ఇదొక కారణం.

కాబట్టి బొట్టుకు ప్యాకెట్ మీద "కిటెన్" అనీ, ఎదిగే వయసుకు సంపూర్ణ ఆహారం అనీ రాసి ఉన్న తిండి కావాలి. ఎదిగే కూనకు కిలో బరువుకు రోజుకు సుమారు 200 కిలోకేలరీలు కావాలి. పెద్ద పిల్లికి కావలసిన దానికి ఇది మూడింతలు. బొట్టు బరువుకు రోజుకు 120 దాకా వస్తుంది. ప్యాకెట్ వెనక 100 గ్రాములకు ఎన్ని కిలోకేలరీలో చూసి లెక్క కట్టండి. తడి తిండిలో 80 నుంచి 100 వరకు ఉంటాయి, పొడి తిండిలో 350కి పైనే. తడి తిండి తూకంలో ఎక్కువ, శక్తిలో తక్కువ అని తెలియక చాలామంది సగమే పెడుతుంటారు. మీరు వారం రోజుల్లో నెమ్మదిగా మార్చండి. మొదటి రెండు రోజులు పాత తిండిలో నాలుగో వంతు కొత్తది, తర్వాత సగం, తర్వాత ముప్పావు. దాని పొట్ట చిన్న నిమ్మకాయంత, ఒకేసారి నింపితే బయటికే వస్తుంది. రోజుకు ఐదుసార్లు పెట్టండి. త్వరగా పుంజుకోవాలని మొదటి రోజే గుట్టగా పెట్టకండి. మోషన్ గట్టిపడ్డాక అది ఇంకా అడిగితే పెంచండి. ఈ వయసులో మోషన్ బాగున్నంతవరకు దాని ఆకలిని నమ్మొచ్చు.

దువ్వెన ఒకటి కొనండి, పళ్ళు బాగా దగ్గరగా ఉన్నది. తోక మొదట్లో, మెడ మీద దువ్వి, రాలిన నల్ల నలుసులను తడి దూది మీద వేయండి. చుట్టూ ఎర్రగా మారితే అది ఈగుపిడుదుల (బొచ్చులో దాగి రక్తం పీల్చే చిన్న పురుగులు, ఇంగ్లీషులో ఫ్లీస్) మలం, అంటే జీర్ణమైన రక్తం. అరకిలో కూనను కొన్ని వందల పురుగులు పీలిస్తే చిగుళ్ళు తెల్లబడేంత రక్తం తగ్గిపోతుంది. బద్దెపురుగులు కూడా వీటి ద్వారానే వస్తాయి. మందు తప్పకుండా డాక్టరు చెప్పినదే వాడండి. కుక్కల మీద పోసే మందుల్లో పెర్మెత్రిన్ ఉన్నవి పిల్లులకు విషం. ఇంట్లో ఉన్న సీసా కదా అని ఒక్క చుక్క కూడా వేయొద్దు.

ఇప్పుడు పుస్తకం. రోజూ ఒకే సమయంలో, పొద్దున మొదటి తిండికి ముందు తూకం వేయండి. కాటా మీద లోతు గిన్నె పెట్టి, అందులో మెత్తటి గుడ్డ వేసి, అంకెను సున్నాకు తెచ్చాక కూనను కూర్చోబెట్టండి. కదిలితే మూడుసార్లు చూసి మధ్య అంకె రాసుకోండి. పక్కనే రెండు ముక్కల్లో తిండి, మోషన్ ఎలా ఉందో రాయండి. నా పుస్తకంలో బూడిద అనే కూన పేజీ ఇప్పుడు ముందే ఉంది. అది కూడా మీ బొట్టులాగే వచ్చింది. మొదటి వారం అంకెలు ఇవి: 540, 548, 541, 559, 570, 572, 590. మూడో రోజు ఏడు గ్రాములు తగ్గిందని చూడండి. ఆ రోజు తూకానికి ముందే మూత్రం పోసింది, అంతే. ఒక రోజు పది గ్రాములు అటూ ఇటూ అవుతాయి, దానికి కంగారు పడనక్కర్లేదు. మూడు నాలుగు రోజులు కలిపి చూస్తే అంకెలు ఎటు నడుస్తున్నాయో తెలుస్తుంది. రెండో మోతాదు మందు పడ్డాక బూడిద రోజుకు పదిహేను గ్రాముల చొప్పున ఎక్కింది. బొట్టుకు వారానికి 100 గ్రాములు వస్తే సంతోషించండి.

మూడు రోజులు అంకె కదలకపోయినా, రెండు రోజులు వరసగా తగ్గినా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వాంతులు, రక్తం కలిసిన మోషన్, తెల్లబడిన చిగుళ్ళు, ఆడకుండా మూల కూర్చోవడం – వీటిలో ఏది కనిపించినా కాటా సంగతి పక్కనపెట్టి వెంటనే బయల్దేరండి. టీకాలు వేయని కూనలను పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు ఒకటి రెండు రోజుల్లో తీసుకుపోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాలు దాటేదాకా వేయించాలి. బొట్టుకు ఎప్పుడు మొదలుపెట్టాలో ఈసారి వెళ్ళినప్పుడే అడగండి.

ప్రశ్న: మేడమ్, మా హాస్టల్ వెనక అట్టపెట్టెలో కళ్ళు తెరవని మూడు కూనలు దొరికాయి. ఒక పగలూ రాత్రీ దూరం నుంచి చూశాం, తల్లి రాలేదు. పిల్లుల పాలపొడి తెచ్చి సీసాతో పడుతున్నాం. ఇవాళ నాలుగో రోజు. రెండు 118, 124 గ్రాములకు వచ్చాయి. మూడోది మొన్న 92, ఇవాళ కూడా 92. సీసా నోట్లో పెడితే చప్పరించడం లేదు. పిప్పెట్‌తో నోట్లో పోయమంటారా? – ఒక విద్యార్థి

జవాబు: బాబూ, పోయొద్దు. ముందు దాని ఒళ్ళు తాకి చూడు. చల్లగా ఉంటే పాలు ఒక్క చుక్క కూడా ఇవ్వకు.

ఈ మాట నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పట్టా తీసుకున్న మొదటి సంవత్సరం, ఒక రాత్రి 80 గ్రాముల కూనను చేతిరుమాల్లో చుట్టి తెచ్చారు. మంచుముక్కలా ఉంది. ఆకలితో నీరసించిందనుకుని ముందు పాలు పట్టాను, తర్వాత వెచ్చని నీళ్ళ సీసా కోసం వెళ్ళాను. తెల్లవారేసరికి అది లేదు. ఒళ్ళు చల్లబడితే కూన పేగులు కదలవు, లోపలికి వెళ్ళిన పాలు అరగకుండా అక్కడే పులుస్తాయి, లేదా వెనక్కి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. నేను ఆ రెండు పనులనూ తారుమారు చేశాను. అప్పటి నుంచి థర్మామీటరు చూడకుండా ఏ కూనకూ పాలు పట్టలేదు.

మొదటి వారంలో కూన ఒంటి వేడి 35 నుంచి 37 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. 35 కన్నా తక్కువ ఉంటే ముందు వెచ్చబెట్టాలి. గోరువెచ్చని నీళ్ళ సీసాను తువ్వాలులో చుట్టి పెట్టెలో ఒక పక్కన పెట్టు, ఇంకో పక్క ఖాళీగా ఉంచు. వేడి ఎక్కువైతే అది పాక్కుంటూ అటు పోవాలి. గంట రెండు గంటల్లో నెమ్మదిగా వేడెక్కాలి, ఒక్కసారిగా వద్దు. వేడెక్కిన కూన చాలాసార్లు తనంతట తానే సీసా అందుకుంటుంది.

పట్టేటప్పుడు మనిషి పసిపాపను పడుకోబెట్టినట్టు వెల్లకిలా పెట్టకూడదు. తల్లి దగ్గర తాగినట్టే బోర్లా, తల కొంచెం పైకి. పాలు ఒంటి వేడిలో ఉండాలి. సీసా తలకిందులు చేస్తే చుక్క చుక్కగా పడాలి, ధారగా పడితే రంధ్రం పెద్దదైనట్టు. పొట్ట పట్టేది 100 గ్రాములకు సుమారు నాలుగు మిల్లీలీటర్లే. నీ చిన్నదానికి రెండున్నర, మూడు మిల్లీలీటర్ల చొప్పున పగలూ రాత్రీ మూడు గంటలకోసారి ఇవ్వాలి. పట్టే ముందూ తర్వాతా తడి దూదితో కింద మెల్లగా రాస్తేనే మూత్రం, మోషన్ వస్తాయి. ఈ వయసులో తల్లి నాకితే తప్ప అవి సొంతంగా వెళ్ళలేవు.

ఈ వయసు కూనలను రోజుకు రెండుసార్లు తూచాలి. రోజుకు పది నుంచి పదిహేను గ్రాములు ఎక్కాలి, రెండో వారం దాటేసరికి పుట్టిన బరువుకు రెట్టింపు కావాలి. పెద్ద కూన విషయంలో మూడు రోజులు ఆగొచ్చన్నాను. ఇక్కడ అంత సమయం ఉండదు. ఇరవైనాలుగు గంటలు అంకె కదలకపోతే అదే రోజు డాక్టరు చూడాలి. నీ మూడోదానికి ఆ గడువు దాటిపోయింది, వెచ్చబెట్టి ఈ పూటే తీసుకెళ్ళు. చప్పరించలేని కూనకు సన్నటి గొట్టంతో పొట్టలోకి పాలు పంపుతారు. అది చూసి నేర్చుకోవాల్సిన పని, చదివి చేయకు. (నీ ఫోన్ నంబరు ఉండబట్టి ఈ జవాబు ఉత్తరం అందిన రోజే చెప్పాను. మిగతావాళ్ళ కోసం ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.) నాలుగో వారం నుంచి పాలలో కలిపిన మెత్తటి తిండి పళ్ళెంలో అలవాటు చేయొచ్చు.

ప్రశ్న: అమ్మా, రిటైరయ్యాక మాకు తోడుగా ఒక మగ కూనను పెంచుకుంటున్నాం. ఐదో నెలలో ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు ఎనిమిది నెలలు, 5 కిలోల 100 గ్రాములు. పొడి తిండి గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచుతాం. బాగా ఒళ్ళు చేసిందని అందరూ మెచ్చుకుంటున్నారు. మా అబ్బాయి మాత్రం లావెక్కింది, ఒక పూట మాన్పించమంటాడు. ఎవరి మాట వినాలి? – ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, మీ అబ్బాయి కన్ను సరైనదే, వైద్యం మాత్రం సరైంది కాదు.

పైనుంచి తీసిన ఫొటోలో పక్కటెముకల వెనక నడుం కనిపించడం లేదు. చేత్తో కూడా చూడండి. పిడికిలి బిగించి ఇంకో చేతి వేళ్ళతో కణుపుల మీద రాయండి: పక్కటెముకలు అలా తగిలితే కూన బక్కగా ఉన్నట్టు. చెయ్యి చాచి వెనక వైపు రాయండి: అలా తగిలితే సరిగ్గా ఉన్నట్టు. అరచేతి కండ మీద రాసినట్టు మెత్తగా, ఎముక వెతుక్కోవాల్సి వస్తే లావైనట్టు. మేం దీన్నే ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెల్లో రాసుకుంటాం, ఐదు సరైనది. వెనక కాళ్ళ ముందు వేలాడే చర్మపు మడతను మాత్రం చూసి లావు అనుకోకండి, అది చాలా పిల్లులకు సహజంగానే ఉంటుంది.

ఆపరేషన్ తర్వాత హార్మోన్లు మారి, ఒంటికి కావలసిన శక్తి నాలుగో వంతు దాకా తగ్గుతుంది. అదే సమయంలో ఆకలి పెరుగుతుంది. ఆపరేషన్ మంచిదే, చేయించినందుకు సంతోషం. ఆ రోజు నుంచే గిన్నె తూచి పెట్టమని చెప్పాల్సింది, మాలో చాలామంది ఆ ఒక్క మాట చెప్పడం మర్చిపోతాం. పొడి తిండి రోజుకు పది గ్రాములు ఎక్కువైతే 35, 40 కిలోకేలరీలు ఎక్కువైనట్టు. గుప్పెడుతో కొలిస్తే ఆ పది గ్రాములు తెలియవు.

ఒక పూట మాన్పించడం ఎందుకు వద్దంటున్నానంటే, లావు పిల్లి ఉన్నట్టుండి తిండి మానితే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి అది దెబ్బతింటుంది. రెండు మూడు రోజుల పస్తుతోనే ప్రాణం మీదికి వచ్చిన పిల్లులను చూశాను. పైగా మీవాడు ఇంకా ఎదుగుతున్నాడు, ఎముకలకు ఏడాది నిండేదాకా పోషణ కావాలి. బరువు తగ్గించాలని చూడకండి, ఇక్కడే నిలబెట్టండి. ఒళ్ళు సాగేకొద్దీ నడుం తనే కనిపిస్తుంది. రోజుకు 250 కిలోకేలరీలతో మొదలుపెట్టండి, డాక్టరుకు చూపించి సరిచేయించండి. పొద్దునే మొత్తం తూచి డబ్బాలో పోసి, నాలుగు సార్లుగా అందులోంచే పెట్టండి. చిరుతిళ్ళు ఇస్తే అవీ ఆ లెక్కలోనే, పదో వంతు దాటకుండా. సగం తడి తిండిగా మారిస్తే గిన్నె నిండుగా కనిపిస్తుంది, మీకూ వాడికీ బాధ ఉండదు. తూకం వారానికి ఒకసారి చాలు. పక్కింటివాళ్ళ మెచ్చుకోళ్ళను మాత్రం కొన్నాళ్ళు పట్టించుకోకండి.

ప్రశ్న: కొత్తగా తెచ్చుకున్న మూడు నెలల కూన మంచం కిందే ఉంటోంది. నిన్న పొద్దున్నుంచి ఏమీ తినలేదు. పాలలో చక్కెర కలిపి పెట్టినా ముట్టుకోలేదు. కొత్త చోటు కదా, అలవాటు పడేదాకా ఆగమంటున్నారు.

జవాబు: ఆగకండి. ఈ వయసు కూన ఇరవైనాలుగు గంటలు ఏమీ తినకపోతే డాక్టరు చూడాల్సిందే. ఒంట్లో నిల్వలు తక్కువ, రక్తంలో చక్కెర పడిపోతుంది. పిల్లులకు తీపి రుచి తెలియదు. ఆ రుచిని పట్టే జన్యువు వాటిలో పనిచేయదని 2005లో తేలింది. కాబట్టి చక్కెర ఆశ పెట్టదు. వాటిని తిండికి పిలిచేది వాసన. ముక్కు మూసుకుపోయి ఉందేమో చూడండి, జలుబు చేసిన కూన గిన్నె ముందే కూర్చుని తినకుండా ఉంటుంది. తడి ముక్కు దూదితో తుడిచి, తడి తిండిని ఒంటి వేడికి వెచ్చబెట్టి, మంచం కిందికే జరిపి మీరు గదిలోంచి బయటికి వచ్చేయండి. ఇంతకుముందు ఎక్కడ పెరిగిందో అక్కడ ఏ తిండి పెట్టేవారో అడిగి అదే తెండి. ఇవన్నీ డాక్టరు దగ్గరికి బయల్దేరే లోపు చేసి చూడాల్సినవి.

ప్రశ్న: డాక్టరాంటీ, నేను ఎనిమిదో తరగతి. మా దగ్గర ఒకే కాన్పులో పుట్టిన రెండు కూనలు ఉన్నాయి. పసుపుది 1 కిలో 200, తెల్లది 900 గ్రాములు. పసుపుది తనది తినేసి తెల్లదానిదీ తినేస్తుంది. తెల్లది పక్కన కూర్చుని చూస్తుంది. ఏం చేయాలి?

జవాబు: చిట్టితల్లీ, రెండింటినీ విడిగా తూచావు చూడు, చాలామంది పెద్దవాళ్ళు కూడా ఆ పని చేయరు. ఇక నుంచి గిన్నెలు ఒకే గదిలో పెట్టకు. తెల్లదాన్ని వేరే గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసి, ఇరవై నిమిషాలు నువ్వు పక్కన నేల మీద కూర్చో. నిదానంగా తినే కూనలు మనిషి తోడుంటే బాగా తింటాయి. తిన్నంత తిన్నాక గిన్నె తీసేసి, అప్పుడు తలుపు తెరువు. రోజుకు నాలుగుసార్లు ఇలా చేయాలి. నువ్వు స్కూల్లో ఉండే పూట ఇంట్లో ఎవరికైనా అప్పజెప్పు. నీళ్ళ గిన్నెలు రెండు చోట్లా ఎప్పుడూ ఉండనీ.

పది రోజులు రెండింటికీ రెండు పేజీల్లో అంకెలు రాయి. విడిగా తిన్నాక తెల్లది రోజుకు పది పదిహేను గ్రాములు ఎక్కితే దానికి తక్కువైంది తిండే. విడిగా పెట్టినా ఎక్కకపోతే దానికి ఇంకేదో ఉంది. అప్పుడు నీ నోట్‌బుక్కు కూడా పట్టుకుని అమ్మానాన్నలతో డాక్టరు దగ్గరికి వెళ్ళు. పసుపుదాన్ని కోప్పడకు, అది ఆకలేసే వయసు.